గృహవిజ్ఞానము: కంప్యూటరు జ్ఞాపకమును, దాని జాగును

విషయము జ్ఞాపకమునందుండుట వేఱు, వలసిన క్షణమున నది జ్ఞప్తికి వచ్చుట వేఱు. ఈ భేదమును మన పూర్వులు చక్కగా నెఱుగుదురు. అష్టావధానమునందు ఎనమండుగురు పృచ్ఛకులు చుట్టును గూర్చుండి, ఒకరు సమస్యను, ఒకరు దత్తపదిని, వేఱొకరు నిషిద్ధాక్షరిని ఒసగుచు, నడుమ నొకరు అప్రస్తుతప్రసంగముచే విసిగించుచుండగా, అవధాని యెవరి పాదమును వారికి తడవుకొనక యప్పగింపవలెను. పూర్వపు మహబూబునగరము జిల్లాలోని గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములలో తిరుపతి వేంకటకవులు అవధానములు చేసిన సంగతి సాహిత్యాభిమానులకు విదితమే. అట్టి సభలలో "వీరికి పద్యము వచ్చునా" యని యెవరును సంశయింపరు. "ఎంతలో వచ్చును" అనియే చూతురు. ధారణ యనగా నిలువ మాత్రమే కాదు, నిలువనుండి తీసియిచ్చు వేగము కూడ.

ఈ మాసము మేము వ్రాయబూనినది కంప్యూటరుయొక్క ధారణనుగూర్చి. ఆ యంత్రమునందు ర్యాము అనబడు జ్ఞాపకపు పలక యొకటి యుండును. అది యెంత పెద్దదియో యందఱును అడుగుదురు. అడిగినది తీసియిచ్చుటకు దానికెంత కాలము పట్టునో అడుగువారు మిక్కిలి యరుదు. ఆ కాలమునే మేమిచ్చట "జాగు" అని వ్యవహరింతుము.

"ఇది దుకాణదారులకు, యంత్రజ్ఞులకు తెలియవలసిన విషయము, గృహిణులకేల" యని కొందఱనవచ్చును. మన నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములలో నేడు పొదుపుసంఘముల లెక్కలు, ఆడపిల్లల కళాశాల దరఖాస్తులు, పరీక్షాఫలితములు అన్నియు కంప్యూటరుద్వారముననే సాగుచున్నవి. 2023లో మహబూబునగరమునకు చేరువనున్న దివిటిపల్లియందును, అదే సంవత్సరమున నల్లగొండయందును ఐ.టి. భవనములు ప్రారంభింపబడినవి. పిల్లలు ఆ కొలువులకై ఆశపడుచున్నారు. వారికొఱకు యంత్రము కొనవలసి వచ్చినప్పుడు పైకము తఱచుగా తల్లి పొదుపునుండియే బయటికి వచ్చును. మన చేతి పైకముతో కొనబడు వస్తువుయొక్క మంచిచెడ్డలను మనమే తూచుకొనవలదా?

అచ్చంపేట ప్రాంతమునుండి యొక సోదరి మాకు వ్రాసిన జాబు ఈ వ్యాసమునకు కారణము. ఆమె పెద్దకుమార్తె డిగ్రీ చదువుచున్నది. ఇంట ఆఱేండ్ల క్రిందటి కంప్యూటరు గలదు. దానిని తెఱచి కూర్చుండిన పిల్ల యొక్క పుట వచ్చులోపల ఇల్లు ఊడ్చి రావచ్చునట. దరఖాస్తు నింపుచుండగా గడువు దాటి, నింపినదంతయు పోయిన దినములు కలవు. "నాకు రాదమ్మా, నేను మందబుద్ధిని" అని ఆ బాలిక కంట నీరు పెట్టుకొనుచున్నదట. దుకాణమువారు "సి.ఎల్. సంఖ్య తక్కువగానుండు మేలురకపు మెమొరీ వేసికొనుడు, గాలివలె పరుగెత్తును" అని చెప్పిరి. చీటి పాడగా వచ్చిన పైకము ఆమె దగ్గఱ నున్నది. దానిని అందులకై వ్యయపఱుపవచ్చునా యనునది ఆమె ప్రశ్న. ఇట్టి ప్రశ్న అనేక గృహములలో నుండునని తలచి యిచ్చట సవిస్తరముగా వ్రాయుచున్నాము.

ముందుగా యంత్రములోని పనివారెవ్వరో చూతము. లెక్కచేయునది ప్రాసెసరు. అది వంట చేయు గృహిణివంటిది. ఆమె చేయి యెంత చుఱుకైనదైనను ఉప్పు, పప్పు చేతికందవలెను గదా! సామాన్యముగా నేటి ప్రాసెసరు సెకనునకు 400 కోట్లసార్లు టిక్కుటిక్కుమనును. ఒక్కొక్క టిక్కునకు పట్టు కాలము నానోసెకనులో నాల్గవపాలు. నానోసెకనన సెకనులో నూఱుకోట్లవ వంతు. దీనిని మనస్సునకు పట్టించుకొనుట యెట్లు? అమెరికా నౌకాదళమున గొప్ప పదవినందిన గ్రేస్ హాపర్ అను గణితవిదుషి (1906–1992) ఉపన్యాసములకు పోయినప్పుడు సుమారు 30 సెంటీమీటర్ల పొడవుగల తీగముక్కలను శ్రోతలకు పంచిపెట్టెడిది. "ఒక నానోసెకనులో వెలుతురు పోగల దూరమింతే" యని ఆమె బోధ. అనగా అడుగునకించుక తక్కువ. పది నానోసెకనులన వెలుతురు మన వంటింటినుండి వసారావఱకు పోయినంత సేపు మాత్రమే.

ఈ సూక్ష్మకాలములను మన గడియారమునకు దించి చూతము. ప్రాసెసరుయొక్క ఒక టిక్కును ఒక సెకనుగా పెంచి లెక్కించినచో నిట్లుండును. ప్రాసెసరుయొడిలోనే యున్న మొదటి క్యాషు అను చిన్ననిలువనుండి వస్తువు వచ్చుటకు నాలుగైదు సెకనులు. అది పొయ్యిప్రక్కనున్న ఉప్పుడబ్బా. రెండవ క్యాషునుండి వచ్చుటకు సుమారు పదునైదు సెకనులు. అది వంటింటి గూడు. మూడవ క్యాషునుండి సుమారొక నిమిషము. అది నడవలోని అలమార. ఆ మూడింటను లేనిచో ర్యామునకు పోవలెను. అచ్చటికి పోయివచ్చుటకు నిజమున సుమారు 80 నానోసెకనులు పట్టును. మన లెక్కలో అయిదు నిమిషములకు పైగా. అది పెరటిలోని కొట్టు. ర్యాములోను లేనిచో ఎస్.ఎస్.డి. అను నిలువకు పోవలెను. అది సెకనులో పదివేలవ వంతు పనియైనను, మన లెక్కలో నాలుగున్నర దినములు. ఊరు దాటి సంతకు పోయి రెండుచోట్ల బసచేసి వచ్చుట. ఇక పాతకాలపు హార్డుడిస్కు అయినచో సెకనులో నూఱవ వంతు. మన లెక్కలో పదునైదు నెలలు! అది కాలినడకను కాశికి పోయి వచ్చుటవంటిది. పొయ్యిమీద నూనె కాగుచుండ, ఆవాలకై కాశికి పోయినచో వంట యెట్లగునో పాఠికలే యూహింపగలరు.

ఈ చిన్ననిలువలను ఏర్పఱచిన యుపాయమును 1965లో ఆంగ్లశాస్త్రజ్ఞుడు మారిస్ విల్క్సు ప్రకటించెను. దాని మర్మము మనకు క్రొత్తది కాదు. ఆవాలు కావలసినప్పుడు మనము ఆవాలు మాత్రమే తెత్తుమా? పోపులపెట్టెనంతయు తెత్తుము. ఆవాల వెనుక జీలకఱ్ఱ, జీలకఱ్ఱ వెనుక మిరపకాయ కావలసియుండునని మన మెఱుగుదుము. ప్రాసెసరును అంతియే. ఒక్క అక్షరమడిగినను దాని చుట్టునున్న 64 బైట్లను ఒక్క పెట్టెగా తెప్పించుకొనును. మఱునాటి దోసెలకు నేటి రాత్రియే పప్పు నానబోసినట్లు, రాబోవు పనికి వలసినదానిని ముందుగానే ఊహించి తెప్పించుకొనుట కూడ దానికి అలవాటు. ఈ రెండు గుణములచే అది ర్యాముదాక పోవలసిన పనులు చాల తగ్గును.

ఇప్పుడు పెరటికొట్టులోనికి, అనగా ర్యాములోనికి ప్రవేశింతము. మెమొరీపలకపై 16-18-18-36 వంటి నాలుగు సంఖ్యలుండును. దుకాణదారు చెప్పు సి.ఎల్. వీనిలో మొదటిది. కొట్టులో అనేకమైన అరలు కలవనియు, ఒక్కొక్క అరకు తలుపు గలదనియు, ఒక్కొక్క భాగమున ఒకసారికి ఒక తలుపు మాత్రమే తెఱచియుండవచ్చుననియు భావింపుడు. తెఱచియున్న అరనుండి వలసిన డబ్బాను తీసియిచ్చుటకు పట్టు టిక్కులు మొదటి సంఖ్య. మూసియున్న అరను తెఱచుటకు పట్టునవి రెండవ సంఖ్య. తెఱచియున్న వేఱొక అరను మూయుటకు పట్టునవి మూడవ సంఖ్య. ఒకసారి తెఱచిన అరను కనీస మెంతసేపు మూయరాదో తెలుపునది నాల్గవ సంఖ్య.

మూయరాదనుట యేలయన్న, ర్యాములోని ఒక్కొక్క అక్షరాంశము సూక్ష్మమైన విద్యుత్పాత్రలో నిలిచియుండును. ఈ పద్ధతిని ఐ.బి.ఎమ్. సంస్థలోని రాబర్టు డెన్నార్డు కనుగొనగా, 1968లో దానికి పేటెంటు లభించెను. ఆ పాత్రను చదువుటయనగా అందలి విద్యుత్తును ఒలికించి చూచుటయే. చూచిన పిమ్మట మరల నింపనిచో విషయము నశించును. నింపుటకై అర కొంతసేపు తెఱచియుండవలెను. అంతియకాదు, ఆ పాత్రలు చిల్లికుండలు. ముట్టుకొనకున్నను కారిపోవుచుండును. కావున సామాన్యముగా సెకనులో వేయింట 64 వంతుల కాలము గడచులోపల కొట్టులోని అన్ని అరలను ఒకసారి తిరిగి నింపుచుండవలెను. అట్లు నింపుచున్నంతసేపు ఆ భాగమున వేఱుపని సాగదు. సెకనునకు పదునైదుమార్లు ఇల్లంతయు కలయదిరిగి కుండలు నింపు ఆ యంత్రముయొక్క ఓపికను తలచినప్పుడు, బిందెలు మోసి యలసిన మన ప్రాంతపు స్త్రీలకు దానియందు సోదరీభావము కలుగక మానదు.

ఇక లెక్క. 3200 వేగముగల డి.డి.ఆర్.4 పలకయందు ఒక టిక్కు 0.625 నానోసెకను. 16-18-18 సంఖ్యలు గల పలకలో, వలసిన అర ముందే తెఱచియున్నచో 16 టిక్కులు, అనగా 10 నానోసెకనులు. మూసియున్నచో తెఱచుట, తీయుట కలిసి 34 టిక్కులు, 21.25 నానోసెకనులు. వేఱొక అర తెఱచియున్నచో మూయుట, తెఱచుట, తీయుట కలిసి 52 టిక్కులు, 32.5 నానోసెకనులు. మొత్తము ప్రయాణమునకు పట్టు 80 నానోసెకనులలో మిగిలిన భాగము క్యాషులన్నింటను వెదకుటకును, త్రోవలో పోవుటకును, తనకన్న ముందు వచ్చినవారి వెనుక నిలుచుటకును వ్యయమగును. ఈ భాగమును ఏ మెమొరీపలకయు తగ్గింపలేదు.

ఇచ్చట కొనుగోలుదార్లు తఱచుగా పొరపడు విషయమొకటి కలదు. సి.ఎల్. అనునది కాలము కాదు, అడుగుల లెక్క. పసిపాప ముప్పది యడుగులలో దాటు వసారాను తండ్రి పదునైదడుగులలో దాటును, దూరమొక్కటే. అట్లే 1600 వేగముగల డి.డి.ఆర్.3 పలకకు సి.ఎల్. 11 అయినచో జాగు 13.75 నానోసెకనులు. 3200 వేగముగల డి.డి.ఆర్.4 పలకకు సి.ఎల్. 22 అయినచో జాగు అదే 13.75 నానోసెకనులు. "పదునొకండు ఇరువదిరెండుకన్న తక్కువ గదా, పాతదే మేలు" అనుట సరికాదు. సి.ఎల్. సంఖ్యను 2000 చేత గుణించి, పలకపై వ్రాసిన వేగముచే భాగించినచో నానోసెకనులు వచ్చును. ఈ చిన్నలెక్కను గుర్తుంచుకొన్న చాలును. 6000 వేగముగల డి.డి.ఆర్.5 పలకకు సి.ఎల్. 30 అని వినినంతనే భయపడనక్కఱలేదు. లెక్కించినచో అది 10 నానోసెకనులు మాత్రమే. 4800 వేగము, సి.ఎల్. 40 గల పలకకు 16.67.

"జాగు తగ్గకున్నచో క్రొత్త పలకలవలన నేమి లాభము" అని యడుగవచ్చును. దీనికి మన నల్లాయే సమాధానము చెప్పును. వాల్వు త్రిప్పిన పిమ్మట కృష్ణనీరు మన వీధి చివరి యింటికి చేరుటకు పట్టు కాలమొకటి. చేరిన పిదప నిమిషమునకెన్ని బిందెలు నిండుననునది వేఱొకటి. గొట్టము వెడల్పు చేసినచో బిందెలు త్వరగా నిండును. మొదటి చుక్క మాత్రము త్వరగా రాదు. మెమొరీలో జరిగినది ఇదియే. 1600 వేగపు ఒక్క పలక సెకనునకు 12.8 గిగాబైట్ల ధారనీయగా, 3200 వేగపు పలక 25.6 గిగాబైట్ల ధార నిచ్చును. ధార రెట్టింపైనది, మొదటి చుక్కకు మనము నిరీక్షించు కాలము దాదాపట్లే యున్నది. ఒకే పలకకు మాఱుగా రెండుపలకలను జతగా వేసినను పెరుగునది ధారయే. సినిమాను కూర్చుట, పెద్దచిత్రములను దిద్దుట మొదలగు పనులకు ధార ముఖ్యము. చిల్లరగా ఇటు నొకటి అటు నొకటి వెదకు పనులకు జాగు ముఖ్యము.

ప్రాసెసరుల వేగము ఏటేట హెచ్చుచుండగా మెమొరీజాగు అంతగా తగ్గకపోవుటచే, ఒకనాటికి యంత్రములు గోడకు తగిలినట్లు నిలిచిపోవునని 1995లో విలియమ్ వుల్ఫ్, శాలీ మెకీ అను నిరువురు శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. వారిలో శాలీ మెకీ స్త్రీ. "మెమొరీగోడ" యను మాట వారి వ్యాసమువలన ప్రసిద్ధికి వచ్చినది.

వస్తువు అందనిదే చేయి కదలదను సత్యము మన చేనేతవారికి ఏ గ్రంథమును నేర్పనక్కఱలేదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోనిదై, 2016నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన ఆలేరు, పోచంపల్లి ప్రాంతములలో చీర నేయుటకు ముందు "ఆసు" పోయవలెను. అర్ధచంద్రాకారముగా నిలిపిన మేకులకును, ఎదుటనున్న మేకునకును నడుమ నూలును చేతితో ఇటునటు త్రిప్పుచుండవలెను. ఒక్కచీరకు తొమ్మిదివేల మార్లు చేయి సాచవలెనని చెప్పుదురు. ఈ పని స్త్రీలది. భుజములు పీకుచుండ గంటలకొలది ఆసు పోసిన తల్లి లక్ష్మి బాధను చూడలేక చింతకింది మల్లేశము 1999లో ఆసుయంత్రమును నిర్మించి దానికి తల్లిపేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఇందు గమనింపదగినదేమన, ఆయన మగ్గమును వేగపఱుపలేదు. మగ్గము మొదటినుండియు చుఱుకైనదే. నూలు అందుటలోని జాగును తగ్గించెను. పని ఎచ్చట ఆగుచున్నదో అచ్చటనే మందు వేయవలెను. కంప్యూటరు విషయమునను ఇదియే సూత్రము.

ప్రసంగవశమున నొక మాట. కంప్యూటరు జ్ఞాపకము ఒకప్పుడు నిజముగా నేతపనియే. సిలికాను చిప్పులు రాకమునుపు చిన్నచిన్న అయస్కాంతపు పూసలకు సన్ననితీగలు గ్రుచ్చి జ్ఞాపకమును కట్టెడివారు. ఆ పనిలో స్త్రీలే యధికము. చంద్రమండలయాత్రచేసిన అపోలో నౌకల కంప్యూటరు జ్ఞాపకమును అమెరికాలోని కర్మాగారమున స్త్రీలే తీగలతో నేసిరి. మన హైదరాబాదునందు 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ తయారుచేసిన టి.డి.సి.-12 అను తొలికంప్యూటరునకు సైతము ఇట్టి పూసలజ్ఞాపకమే యుండెను. జ్ఞాపకమును స్వహస్తములతో గ్రుచ్చిన జాతి మనది. దానిని తెలిసికొనుటకు వెనుదీయనేల?

ఇక అచ్చంపేట సోదరి ప్రశ్నకు వత్తము. సి.ఎల్. 22 గల పలకను తీసి, సి.ఎల్. 16 గల దానిని వేసినచో నేమగును? టిక్కులను సెకనులుగా పెంచిన మన లెక్కయందే చూతము. నూఱు కోరికలలో 95 క్యాషులోనే దొరకుననియు, ఒక్కొక్కదానికి 5 సెకనులు పట్టుననియు అనుకొందము; మొత్తము 475. మిగిలిన అయిదు ర్యామునకు పోవును; ఒక్కొక్కదానికి 320 చొప్పున 1600. వెరసి 2075. క్రొత్తపలకవలన ర్యాముప్రయాణ మొక్కింటికి 15 సెకనులు తగ్గును, అయిదింటికి 75. అనగా నూటికి నాలుగుపాళ్లకన్న తక్కువ. తలుపులు మూయుట, తెఱచుట కూడ త్వరపడు సందర్భమున ప్రయాణమొక్కింటికి 35 సెకనులు, వెరసి నూటికి ఎనిమిదిపాళ్లు తగ్గవచ్చును. ప్రాసెసరు ఒకదానికై వేచియుండగా వేఱొకపని చేసికొనుచుండును గనుక ఈ లాభము వాస్తవమున నింకను తగ్గును. పెద్దపెద్ద ఆటలాడువారికి, విస్తారమైన పట్టికలలో వెదకువారికి ఇది కొంత యుపకరించును. దరఖాస్తు నింపుకొను బాలికకు ఈ భేదము కంటికి కనబడదు.

మఱి ఆమె యంత్రమేల ఆగుచున్నది? ఆమె జాబులోనే యుత్తరము గలదు. ర్యాము 4 గిగాబైట్లు. నిలువ పాతరకపు హార్డుడిస్కు. ర్యాము చాలనప్పుడు కంప్యూటరు కొంత సామానును డిస్కుపైకి దింపి, వలసినప్పుడు మరల తెచ్చుకొనును. అనగా అయిదు నిమిషముల కొట్టు నిండిపోయి, ప్రతి చిన్నవస్తువునకు పదునైదు నెలల కాశీప్రయాణము తప్పుటలేదు. కొట్టులో డబ్బాను పదునైదు సెకనులు ముందుగా తీసినంత మాత్రమున కాశీయాత్ర తగ్గునా? ఆమె చేయవలసినది రెండు. మొదటిది, హార్డుడిస్కును తీసి ఎస్.ఎస్.డి. వేయించుట. రెండవది, ఉన్న ర్యామునకు అదేజాతి పలకను మఱియొకదానిని జతచేర్చుట. ఇందులకు మేలురకపు సి.ఎల్. పలక అక్కఱలేదు, సామాన్యమైనది చాలును. 2025 సంవత్సరాంతమున మెమొరీ వెలలు లోకమంతట విపరీతముగా పెరిగినవి. ఇట్టి తరుణమున సంఖ్యలకు భ్రమసి పైకము ధారపోయుట మఱింత యవివేకము.

పాఠికలందఱకు ఉపకరించునట్లు కొన్ని సూచనలను క్రోడీకరించుచున్నాము.

దుకాణమునకు పోకమునుపు యంత్రము ఎచ్చట ఆగుచున్నదో మీరే చూచుకొనుడు. విండోసు యంత్రమున కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు అను మూడుమీటల నొక్కసారి నొక్కినచో టాస్కు మేనేజరు తెఱవబడును. అందు పెర్ఫార్మెన్సు అను పుటలో మెమొరీ యెంత నిండినదియు, దాని వేగమెంతయు, పలకల గదులెన్ని నిండియున్నవియు కనబడును. డిస్కు నూటికి నూఱుపాళ్లు అలసియుండి ప్రాసెసరు తీరికగా నున్నచో దోషము ప్రాసెసరుది కాదు. సి.ఎల్. మొదలగు నాలుగు సంఖ్యలను చూడగోరువారు సి.పి.యు.-జెడ్ అను ఉచితసాధనముద్వారా చూడవచ్చును.

జాతి తెలిసికొని కొనుడు. డి.డి.ఆర్.3 గదిలో డి.డి.ఆర్.4 పలక పట్టదు. ల్యాపుటాపు పలక పొట్టిది, బల్లకంప్యూటరు పలక పొడవైనది. కొన్ని ల్యాపుటాపులలో ర్యామును అతికించియే యుంతురు, మార్చుటకు వీలులేదు. కొనుటకు పూర్వమే యడిగి తెలిసికొనవలెను.

రెండుపలకలను జతచేసినప్పుడు రెండును నెమ్మదియైనదాని వేగముననే నడుచును. కాడి కట్టిన జతయెడ్లలో ఒకటి పరుగెత్తి లాభమేమి? కావున వేగమున, సంఖ్యలయందు సమానమైన వానినే తెండు.

వేగవంతమైన పలకను ఇదివఱకే కొన్నవారు అది నిజముగా ఆ వేగముననే నడుచుచున్నదా యని చూడవలెను. 6000 అని వ్రాసియున్న డి.డి.ఆర్.5 పలక సామాన్యముగా తొలుత 4800 వంటి తక్కువ వేగముననే మొదలగును. యంత్రముయొక్క బయాస్ అను అమరికలో ఎక్స్.ఎమ్.పి. లేక ఎక్స్‌పో అను మీటను వేసినప్పుడే పూర్ణవేగము వచ్చును. దీనికి కాసైన ఖర్చులేదు.

కొందఱు యువకులు ఆ నాలుగు సంఖ్యలను చేతితో ఇంకను తగ్గించుచుందురు. ఉడకకమునుపే దించిన యన్నమెట్టిదో, నిండకమునుపే మూసిన అరయు నట్టిది. అక్షరములు తాఱుమాఱగును, యంత్రము నడుమ నిలిచిపోవును, పొదుపుసంఘపు లెక్కలు చెడును. లెక్కల పుస్తకముండు యంత్రమున ఇట్టి ప్రయోగములు చేయనీయకుడు.

కట్టకడపట, డబ్బునకు మించిన నష్టమొకటి కలదు. మా యింటివారు ఉపాధ్యాయులగుటచే పాఠశాలల కంప్యూటరుగదుల ముచ్చటలు మా చెవిని పడుచుండును. పాతయంత్రముల యెదుట కూర్చుండిన పిల్లలు మీట నొక్కుదురు, ఏమియు జరుగదు, మరల నొక్కుదురు, అంతలో రెండునొక్కులును ఒక్కసారి పనిచేసి యెదుటనున్నది చెదరిపోవును. మగపిల్లవాడు "ఈ డబ్బా పాడుది" అని దానిని తిట్టి లేచును. ఆడపిల్ల "నాకు చాతకాదు" అని తన్ను తిట్టుకొని లేచును. ఇది మేము పెక్కుమార్లు వినిన మాట. యంత్రముయొక్క జాగును తన బుద్ధియొక్క జాగుగా నెంచుకొని చదువునకు దూరమైన పిల్లను ఏ ఎస్.ఎస్.డి. వెనుకకు తేగలదు?

కావున సోదరీమణులారా! మీ యింటి బాలిక కంప్యూటరుముందు కూర్చుండి నిట్టూర్చినప్పుడు, ఆగుచున్నది ఆమె కాదనియు, ఆ లోపలి గృహిణి ఆవాలకై దారి చూచుచున్నదనియు ఆమెకు విప్పి చెప్పుడు. నాలుగుసంఖ్యల యర్థమును, గుణించి భాగించు ఆ చిన్నలెక్కను ఆమెచేతనే చేయింపుడు. కారణమెఱిగిన పిల్ల యంత్రమునకు జడియదు. దుకాణములోని మాటలకు లొంగదు. అమ్మ చీటిపైకమును ఎచ్చట పెట్టవలయునో ఆమెయే నిర్ణయింపగలదు.